మా కప్పు మీద మంచు

1958 నవంబరు 27

నా పెళ్ళిలో జువ్వ వదిలినవాడు ఆశీర్వాదం. పెళ్ళికూతురు నా పక్కన తల వంచుకొని కూర్చుని ఉంది. వాడు వదిలిన జువ్వ తాటిచెట్ల మీదుగా పోయి పైన ఎర్రగా విచ్చుకుంది. అప్పుడు తల ఎత్తింది. పందిట్లో కూర్చున్నంతసేపూ తల ఎత్తింది ఆ ఒక్కసారే. నా వైపు కాదు, పైకి. నోరు కూడా కాస్త తెరుచుకుంది. నేను చూశాను. ముప్పై ఏళ్ళు దాటింది, ఇవాళ్టికీ చూస్తూనే ఉన్నాను.

ఆశీర్వాదం సౌభాగ్యానికి మేనత్త కొడుకు. వరసకు బావ. వాడికే ఇద్దామనుకున్నారట. వాడు బందరులో ట్రెయినింగు చదువుతూ, అయ్యేదాకా ఆగమన్నాడట. వీళ్ళు ఆగలేక నాకిచ్చారు. అంటే వాడు వదిలేసిన పీట మీద నేను వెళ్ళి కూర్చున్నట్టు. ఈ మాట నాతో ఎవరూ అనలేదు. అనాల్సిన పని లేదు.

ఆ మరుసటి ఏడే నేను చిచ్చుబుడ్లు కూరడం నేర్చుకున్నాను. అప్పటినుంచి క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం మా వాకిట్లో నేను కాల్చనిది పాలెంలో పండగ మొదలవదు. గరికపాడు ఊళ్ళోంచి కూడా వచ్చి నిలబడతారు. లారీలవాళ్ళు రోడ్డు మీద ఆపుకొని చూస్తారు. నా బుడ్డి తాటిచెట్టు సగం దాకా లేస్తుంది. ఇన్నేళ్ళలో సౌభాగ్యం ఒక్కసారి వాకిట్లోకి వచ్చి చూడలేదు. పిలిస్తే పొయ్యి మీద అన్నం ఉందంటుంది. ఆ ఒక్క పూట మా ఇంట్లో అన్నం ఎంతసేపు ఉడుకుతుందో నాకు ఇంతవరకు తెలియలేదు.

ఆశీర్వాదం కూడా చూసేవాడు కాదు. ఇక్కడి మిషను బడిలో పంతులుగా ఉన్నన్నాళ్ళూ, నందిగామ వెళ్ళిపోయాక కూడా, కిందటేడు ఒక్కటి తప్ప ఏటా ఆ రోజు మా పాలెం వచ్చేవాడు. పాటలు పాడడానికట. నేను బుడ్డి ముట్టించే వేళకు మాత్రం కనిపించేవాడు కాదు. ఓర్వలేక తప్పుకునేవాడు. అది నాకు సంతోషంగానే ఉండేది.

మొన్న సౌభాగ్యం నందిగామ వెళ్ళింది. మా అమ్మాయి దేవమణి అక్కడ టీచరు. దానికి దగ్గుగా ఉందట, చూసి వస్తానని వెళ్ళింది. ఇంట్లో మాట్లాడ్డానికి మనిషి లేదు. అల్లుడు కొండలరావు ఇచ్చిన డైరీ ఉంటే తీశాను. నేను రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు ఇవి. ఎవరూ చదవరు కాబట్టి ఎలా ఉన్నా ఫరవాలేదు.

నవంబరు 28

దేవమణికి దగ్గు. అందుకే వెళ్ళింది.

డిసెంబరు 2

జగ్గయ్యపేట వెళ్ళి సరుకు తెచ్చాను. దీపావళి అయిపోయాక చెన్నకేశవరావు గారి కొట్లో సురేకారం, గంధకం మిగిలి ఉంటాయి. ఏటా అక్కడే.

"దీపావళి పోయి ఇన్నాళ్ళయింది, ఇప్పుడు నీకు గంధకం ఏంటయ్యా ఏలీయా?" అని ఏటా అడుగుతాడు. మా పండగ ముందుందని ఏటా చెప్తాను. ఈసారి ఇంకో ప్రశ్న వేశాడు.

"మీ దేవుడు పుట్టింది పశువుల కొట్టంలో గదా. చుట్టూ గడ్డి ఉంటది. కొట్టం దగ్గర మందు కాలుస్తారా ఎవరన్నా?"

"మా ఇంట్లో పశువులు లేవు లెండి" అన్నాను. కొట్లో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వారో, ఆయన మాటకు నవ్వారో.

పొట్లం కట్టిస్తూ, "ఆశీర్వాదం మాస్టారు బాగున్నారా? మా పెద్దవాడికి లెక్కలు చెప్పింది ఆయనే" అన్నాడు. నన్ను బాగున్నావా అని అడగలేదు. గంధకం పట్టుకొని ఎదురుగా నిలబడ్డవాణ్ణి నేను. బాగున్నాడా అని అడిగింది నందిగామలో ఉన్నవాడి గురించి.

ఇంటికొచ్చి ఇనుపరజనుకు ఆముదం పట్టించాను. ఈ పని సౌభాగ్యం చేసేది. పోయిన పండగ నుంచి ఎడమచెయ్యి సరిగా రావడం లేదంటుంది. బావి దగ్గర జారి పడిందట. చూసి నడవద్దా అన్నాను అప్పుడు.

సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను. నా డైరీలో నేనే దాచుకుంటే ఎలా. దేవమణికి దగ్గు లేదు. సౌభాగ్యం నా మీద కోపంతో వెళ్ళింది. అన్నం పెడుతూ అంది:

"ఈ యేడు ఇంటి దగ్గర కాల్చొద్దయ్యా. గుడి పక్కన అంత ఖాళీ స్థలం ఉంది. అక్కడ కాల్చుకో."

"ఎందుకని?"

"దీపావళికి అవతల పాలెంలో రెండిళ్ళు కాలిపోయినయ్యి, చూళ్ళేదా?"

"అది జువ్వ పడి కాలింది. నావి బుడ్లు. పెట్టినచోటే ఉంటయ్యి."

"బుడ్డి ఉంటది. రవ్వలు ఉండవు గదా. మనది తాటాకు."

"ఆ మాట నీదా, మీ బావదా?" అన్నాను.

అంతే. గరిటె గిన్నెలో పెట్టింది, లేచింది, మూట కట్టుకుంది. మర్నాడు బస్సెక్కింది. నేను అడిగింది ఒక్క ముక్క. నీదా, మీ బావదా. చెప్పి ఎక్కితే ఏం పోయింది? పండగకు వస్తావా అని అడగలేదు నేను. వస్తానని తనూ అనలేదు.

డిసెంబరు 4

దేవమణికి కందికాయలంటే ఇష్టం. సంచీ నిండా కోసుకొని నందిగామ బస్సెక్కాను. దేవమణి కోసమే వెళ్ళాను.

వీధి మలుపులో ఆగాను. ఎందుకు ఆగానంటే మా అమ్మాయి ఇంటి అరుగు మీద ఆశీర్వాదం కూర్చుని ఉన్నాడు. కాలు ముందు పీట మీద చాపి పెట్టుకున్నాడు. రాజు మాదిరి. వాడి ఇల్లు అక్కడికి రెండిళ్ళ అవతలే. భార్య పోయింది, అడిగేవాళ్ళు లేరు. సౌభాగ్యం లోపలినుంచి గుడ్డ మూట ఒకటి తెచ్చింది. పొగలొస్తున్నాయి. వావిలాకు వాసన మలుపు దాకా వచ్చింది. వంగి వాడి మోకాలి మీద ఒత్తుతున్నది. వాడు ఏదో అన్నాడు. నవ్వింది. నోరు మూసుకొని నవ్వడం కాదు, మామూలుగా నవ్వింది. ఆ నవ్వు ఎలా ఉంటుందో నేను మర్చిపోయి ఎన్నాళ్ళో అయింది.

నాకూ మోకాళ్ళ నొప్పులున్నాయి. వావిలాకు అన్నమాట నా ఇంట్లో ఎప్పుడూ వినలేదు.

కందికాయలు తిరిగి తెచ్చుకున్నాను. వండుకున్నాను. ఉప్పు ఎక్కువైంది. తిన్నాను.

డిసెంబరు 5

నిన్న నాకు మోకాళ్ళ నొప్పులున్నాయని రాశాను. లేవు.

డిసెంబరు 7, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు గారు అందరినీ కూర్చోమన్నారు. ఈయన కుర్రాడు, కిందటేడే వచ్చాడు.

"ఎవరినీ బలవంతం చెయ్యడం లేదండి. మన ఇళ్ళు దగ్గర దగ్గరగా ఉన్నాయి, అన్నీ తాటాకు కప్పులు. ఈసారి మందుగుండు ఎవరూ ఇంటి దగ్గర కాల్చకుండా, గుడి పక్కన స్థలంలో అందరం కలిసి కాల్చుకుంటే బాగుంటుందని. ఆశీర్వాదం మాస్టారు కూడా ఇదే సలహా చెప్పి పంపించారు."

నాకు తెలుసు. ఆ పేరు వస్తుందని నాకు ముందే తెలుసు.

సంఘపెద్ద వెంకటరత్నం లేచాడు. "మా వాకిట్లో నాలుగు మతాబులు వెలిగించకపోతే మా ఇంట్లో ఊరుకోరండి. ఎవరి వాకిలి వాళ్ళకి ముద్దు."

"నీ వాకిలి నీకు ముద్దే. దాని పక్కన కప్పు నాది గదా" అని వెనకనుంచి ఎవరో అన్నారు.

"అయితే నీ కప్పు అవతలికి జరుపుకో."

"జరుపుతా, నువ్వొచ్చి ఒక చెయ్యెయ్యి."

ఆడవాళ్ళు నవ్వుతున్నారు. అప్పుడు నేను లేచాను. నేను లేస్తే మాటలు ఆగాయి. ఆ మాత్రం ఉంది నాకు.

నేను చెప్పింది ఇది. ఇన్నేళ్ళుగా మా వాకిట్లో కాలుస్తున్నాను. ఒక్క ఆకు కాలలేదు. ఎందుకు కాలలేదో ఎవరన్నా ఆలోచించారా? పండగనాడు పొద్దున్నే లేచి చూడండి. పాలెంలో ఏ ఇంటి కప్పు చూసినా పొడిగా ఉంటుంది. నా కప్పు ఒక్కటీ తడిసి ఉంటుంది. వెనక చూరునుంచి చుక్కలు పడుతుంటాయి. ఒక్కచోట మాత్రమే మంచు కురిపించి దేవుడు ఒకాయనకు ఆనవాలు చూపించాడని పాస్టరు గారే మొన్న ప్రసంగంలో చెప్పారు. ఇది అలాంటిది కాదా? నా బుడ్లు వద్దనేవాళ్ళు ముందు ఆ మంచుకు సమాధానం చెప్పమనండి.

ఆడవాళ్ళ వైపునుంచి కిసకిసమని మొదలైంది. మా పక్కింటి ఆదెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. వెంకటరత్నం భార్య నేల చూస్తున్నది, భుజాలు ఊగుతున్నాయి. దేవుడి మాట చెబుతుంటే నవ్వే జనం.

పాస్టరు గారు దగ్గి, "ఏలీయా గారి విశ్వాసం గొప్పదండి" అన్నారు. తరువాత, "ఏలీయా గారు ఒప్పుకుంటే మిగతావాళ్ళు ఒప్పుకున్నట్టే. పండగ లోపల ఆయన ఏ సంగతో చెబుతారు" అని ముగించారు.

మొత్తానికి నా మాట మీదే ఆగింది. ఆశీర్వాదం సలహా మీద కాదు.

డిసెంబరు 9

ఆదెమ్మ గిన్నెలో పులుసు తెచ్చింది. నేను వాకిట్లో కూర్చుని బుడ్లు కూరుతున్నాను. వెళ్ళకుండా నిలబడింది.

"ఏంటి ఆదెమ్మా, ఇంకా నవ్వు ఆగలేదా?"

"తప్పే అన్నయ్యా. నవ్వకూడదు. రెండ్రోజుల నుంచి నిద్ర పట్టట్లా. నీకు చెప్పకపోతే పాపం, చెబితే వదినకి కోపం."

"చెప్పు."

"మంచూ లేదు గించూ లేదన్నయ్యా. అయ్యి వదిన పోసిన నీళ్ళు."

నాకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పింది. ఏటా ఆ సాయంత్రం నేను వాకిట్లో బుడ్లు పేర్చే వేళకు ఇంటి వెనక నిచ్చెన వేస్తారట. బావినుంచి బిందెలు మోసి కప్పంతా తడుపుతారట. నేను కాల్చినంతసేపూ తడి గోనెపట్టాలు పట్టుకొని కాపలా ఉంటారట, రవ్వ పడితే ఆర్పడానికి.

"ఎవరు? నువ్వూ, సౌభాగ్యమూనా?"

"బిందెలు అందించేది మేవిద్దరం. పైకి ఎక్కేది మాస్టారు."

"ఏ మాస్టారు?"

"ఆశీర్వాదం మాస్టారే అన్నయ్యా. ఇంకెవరున్నారు మాస్టారు?"

చేతిలో బుడ్డి కింద పెట్టాను. పగిలితే మళ్ళీ కుమ్మరి దగ్గరికి పోవాలి.

"ఎన్నేళ్ళనుంచి?"

"దేవమణి చంటిదిగా ఉన్నప్పుడు చూరు అంటుకుంది, నీకు తెలియకుండా ఆర్పారు. అప్పటినుంచి. కిందటేడు ఆయన రాలా. వదినే ఎక్కింది. నేను వద్దంటానే ఉన్నా. చీకట్లో కాలు జారి పడింది, చెయ్యి మీద."

"బావి దగ్గర పడ్డానంది నాతో."

"అదే చెప్పమంది నాతో కూడా."

పులుసు గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

నేను ముందు వాకిట్లో ఉంటే వాళ్ళు వెనక వాకిట్లో ఉన్నారు. ఇన్నేళ్ళు. నా ఇల్లు వాడు కాపాడాడు. నా కప్పు మీద నిలబడి. నేను కింద ఉండి, వాడు ఓర్వలేక తప్పుకున్నాడని సంతోషపడ్డాను.

డిసెంబరు 10

పులుసు తినలేదు. కుక్క తిన్నది.

డిసెంబరు 13

ఆదెమ్మ పెరట్లో ఉన్న నిచ్చెన తెచ్చి వెనక గోడకు వేశాను. మూడో మెట్టు కదులుతున్నది. ఇదేనా అని అడిగాను. ఇదేనంది.

బిందెతో నీళ్ళు పట్టుకొని ఎక్కాను. సగం నా మీదే ఒలికాయి. పైకి చేరి కప్పు మీద బోర్లా పడుకున్నట్టు ఆనుకుంటే తప్ప నిలవడానికి లేదు. ఆకులు అంచుల దగ్గర కత్తి మాదిరి ఉంటాయి. బిందె వంచాను. నీళ్ళు ఒకే పాయగా జారిపోయి చూరులోంచి కింద పడ్డాయి. కప్పు తడవలేదు. చేత్తో చల్లాలి కాబోలు, కొంచెం కొంచెంగా. ఆదెమ్మ కిందనుంచి, "చెంబుతో అన్నయ్యా, చెంబుతో" అంటున్నది. కిందటేడు ఇదంతా సౌభాగ్యం చేసింది. చీర కట్టుకొని.

ఒక సంగతి చూశాను. అక్కడినుంచి మా వాకిలి కనబడదు. నడికప్పు అడ్డం. మెడ చాపి చూశాను, ఎంత చాపినా రోడ్డు అవతలి చెట్ల తలలు కనబడతాయి గాని వాకిలి కనబడదు. కింద, నిచ్చెన దగ్గర నిలబడితే అసలే కనబడదు. బుడ్డి ఎంత ఎత్తు లేచినా అక్కడున్న మనిషికి చెట్ల మీద వెలుతురు కనబడుతుంది, అంతే.

నా బుడ్డి తాటిచెట్టు సగం దాకా లేస్తుందని ఆమెకు ఇంతవరకు తెలియదు.

దిగేటప్పుడు ఆదెమ్మ నిచ్చెన పట్టుకుంది. మెల్లగా అన్నయ్యా అంది. నాకేం కాదన్నాను.

డిసెంబరు 16

ఎండ బాగుంది. బుడ్లు మంచం మీద ఆరబెట్టాను.

ఆలోచిస్తే ఇంకో సంగతి. ఆదెమ్మకు తెలుసు. వెంకటరత్నం భార్యకు తెలుసు. గుళ్ళో నవ్విన ప్రతి ఆడదానికీ తెలుసు. నిన్నగాక మొన్న వచ్చిన పాస్టరు గారికి కూడా తెలుసేమో, ఆ దగ్గు మామూలు దగ్గు కాదు. సౌభాగ్యం పాలెం అంతటితో చెప్పింది. నాతో చెప్పలేదు. ఇన్నాళ్ళూ ఆశీర్వాదం ఒక్కడంటేనే కడుపుమంట. ఇప్పుడు ఎవరి ముఖం చూసినా అదే. వీధిలో నీళ్ళ బిందెతో ఎవరు పోతున్నా, ఆ బిందె ఆమెకు తెలిసిందే కదా అనిపిస్తున్నది.

నందిగామనుంచి కబురు లేదు.

డిసెంబరు 21, ఆదివారం

మధ్యాహ్నం బస్సుకు ఆశీర్వాదం వచ్చాడు. కర్ర పట్టుకొని, కాలు ఈడ్చుకుంటూ. కూర్చోమనలేదు నేను. వాడే కూర్చున్నాడు, బుడ్లు ఆరబెట్టిన మంచం అంచున.

"జరుగు, పగులుతయ్యి" అన్నాను.

జరిగాడు. "దేవమణి చెప్పి రమ్మందన్నా. వాళ్ళమ్మ పండక్కి అక్కడే ఉంటదట."

ఆ మాట వాళ్ళమ్మదా, నీదా అనబోయాను. నోటిదాకా వచ్చింది. మింగాను.

"నా ఇంటి మీదెక్కమని నీకెవరు చెప్పారు?" అన్నాను.

తెల్లబోయాడు. తరువాత ఆదెమ్మ ఇంటి వైపు చూశాడు. "చెప్పిందా? ఎవరు చెప్తారన్నా, మా మరదలే."

"నన్నొక మాట అడగకూడదా?"

"అడిగితే ఏం చేసేవాడివి? నా మందు మీద నమ్మకం లేదా అని ఇంకో పది బుడ్లు ఎక్కువ కూరేవాడివి."

అలాగే చేసేవాణ్ణి. వాడితో అనలేదు.

"పైన చలన్నా. తడి ఆకు మీద మోకాళ్ళు. అవతల నీకేమో ఈలలు, కేకలు. నందిగామలో డాక్టరు ఈ మోకాలు చూసి, మీరు ఏం పని చేసేవారండీ అన్నాడు. పిల్లలకి లెక్కలు చెప్పేవాణ్ణంటే నమ్మలా."

నాకు నవ్వు వచ్చింది. నవ్వలేదు.

"కిందటేడు ఈ కాలుతోనే రాలేకపోయా. తనే ఎక్కిందట. నాకు తెలిస్తే ఎక్కనిచ్చేవాణ్ణి కాదు."

"నాకు తెలిస్తే నేను ఎక్కనిచ్చేవాణ్ణా?"

"నీకు తెలియకూడదనే గదా ఆ తిప్పలన్నీ." కర్ర మీద గడ్డం ఆనించాడు. "నేనూ అడిగా ఒకసారి. ఎందుకే ఇదంతా, మానమని చెప్పు మీ ఆయనకి అన్నా. ఏడాది పొడుగునా ముఖం ముడుచుకొని ఉండే మనిషి ఆ పూట ఒక్కటీ పిల్లాడి మాదిరి తిరుగుతాడు బావా, అది ఆపబుద్ధి కాదు అంది."

ఇది నా గురించి అన్న మాట. నాతో అనలేదు. వాడితో అంది. వాడి దగ్గర ఇన్నేళ్ళు పడి ఉంది, నా సొత్తు.

"మరి ఈ యేడు సంఘానికి సలహా చెప్పి పంపింది నువ్వే గదా" అన్నాను.

"నా పేరు పెట్టి పంపారు. సలహా తనది. ఆడమనిషి మాట సంఘంలో ఎవరు వింటారు, నీ పేరుతో చెప్పించు బావా అంది. ఇకమీదట నేను ఎక్కలేను, తను ఎక్కలేదు. గుడి దగ్గర కాలిస్తే ఎవరూ ఎక్కక్కర్లేదు. ఒక మనిషికి ఇంకేం తోస్తది?"

నేను అడిగిన ముక్కకు జవాబు వచ్చింది. రావలసిన నోటినుంచి కాదు.

ఆ పెళ్ళినాటి జువ్వ సంగతి కూడా ఎత్తుదామనుకున్నాను. వాడు ఎదురుగా ఉన్నాడు, అడ్డం ఎవరూ లేరు. ఎత్తలేదు. గుర్తు లేదంటాడేమోనని. అది ఇంకా అవమానం.

లేస్తూ, "ఏం చెప్పమంటావు?" అన్నాడు. చెప్పాను. విని, "నేనేమన్నా నీ తపాలా బంట్రోతునా?" అన్నాడు.

"నా ఇంటి మీదికి బిందెలు తీసుకెళ్ళావు గదా. ఈ మాట బస్సులో తీసుకెళ్ళు."

బస్సు దాకా వెంట వెళ్ళాను. వాడికోసం కాదు. కర్రతో రోడ్డు దాటలేడు, లారీలు ఆగవు.

డిసెంబరు 22

పాస్టరు గారు వచ్చి, ఏం నిర్ణయించారండీ అని అడిగారు. నన్ను కాదు అడగాల్సింది, ఆగమని చెప్పాను.

ఆశీర్వాదం చేత చెప్పి పంపించిన మాట వాడు సరిగా చెప్పాడో లేదో. పంతులు కదా, మధ్యలో తన మాటలు నాలుగు కలుపుతాడు. మెత్తగా చెప్తాడు. నేను మెత్తగా చెప్పలేదు. అన్నది అన్నట్టు ఇక్కడ రాసి పెడుతున్నాను.

సౌభాగ్యం, బుడ్లు ఆరాయి. మందు బాగా కుదిరింది. ఇంటి దగ్గరా, గుడి దగ్గరా అని పాలెం అంతా నన్ను అడుగుతున్నది. నేను చెప్పను. నువ్వు చెప్పు. ఇంటి దగ్గరంటే నీళ్ళు పోయడానికి వెంకటరత్నం కొడుకులను పెట్టాను, చెంబుతో చల్లాలని కూడా చెప్పాను. గుడి దగ్గరంటే నీళ్ళతో పనే లేదు. ఎక్కడైనా సరే, నువ్వు నిచ్చెన దగ్గరికి పోవడానికి వీల్లేదు. పొయ్యి మీద అన్నం ఉందంటే ఊరుకోను. ముందే దించుకొని రా. నువ్వు నిలబడేది ఎక్కడో అది చెప్పు, దానికి ఎదురుగా పెట్టి ముట్టిస్తాను. నందిగామలోనే నిలబడతానంటే అదీ చెప్పు. బస్సులో మందు ఎక్కనివ్వరు, కావడి కట్టుకొని నడిచి వస్తాను. మీ బావ కూడా వచ్చి చూస్తానంటే నాకు అభ్యంతరం లేదు. కాస్త ఎడంగా నిలబడమను.

నడవవలసి వస్తే బుధవారం చీకటితోనే బయలుదేరాలి. కాబట్టి మంగళవారం పొద్దుగూకే లోపల నాకు జవాబు కావాలి.